ఊరికి వెళ్ళేటప్పుడు కుక్కను ఎక్కడ వదలాలి? డే కేర్, రాత్రి బోర్డింగ్ గురించి తెలుసుకోవలసినవి

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారినా మన చుట్టరికాలు మారలేదు. పెళ్ళయినా, పురుడయినా, కర్మ అయినా నగరికో, పుత్తూరుకో, చిత్తూరుకో, తిరుపతికో రెండు మూడు రోజులు వెళ్ళక తప్పదు. పూర్వం ఉమ్మడి కుటుంబాల్లో ఎవరో ఒకరు ఇంట్లో ఉండి కుక్కకు ఇంత అన్నం పెట్టేవారు. ఇప్పుడు పిల్లలు చెన్నై, బెంగళూరు, విదేశాల్లో ఉంటే ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళూ ఒక కుక్కా మిగిలిన ఇళ్ళు మన సంఘంలోనే చాలా ఉన్నాయి. ఆ ఇద్దరూ ఊరికి వెళితే కుక్క సంగతేమిటని సభ్యులు తరచుగా అడుగుతున్నారు. అందుకే మాకు తెలిసినంతవరకు ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

డే కేర్ వేరు, బోర్డింగ్ వేరు

డే కేర్ అంటే ఉదయం వదిలి సాయంత్రం తెచ్చుకోవడం. తిరువళ్ళూరు నుంచి రోజూ లోకల్ రైలులో చెన్నైకి ఉద్యోగానికి వెళ్ళేవారికి ఇది ఉపయోగం. కుక్క పగలంతా మిగతా కుక్కలతో తిరుగుతుంది, ఆడుకుంటుంది, మధ్యాహ్నం పడుకుంటుంది. బోర్డింగ్ అంటే రాత్రిళ్ళు కూడా అక్కడే ఉంచడం. ఇందులో రెండు రకాలు. ఒకటి కెన్నెల్: ప్రతి కుక్కకూ వేరే గది లేదా కంచె వేసిన జాగా ఉంటుంది. రెండోది ఇంటి బోర్డింగ్: కుక్కలంటే ఇష్టమున్న కుటుంబం తమ ఇంట్లోనే ఒకటి రెండు కుక్కలను ఉంచుకుంటుంది. వయసు మళ్ళిన కుక్కకు, జనం మధ్య పెరిగిన కుక్కకు రెండోదే నయం. బలంగా, చలాకీగా ఉండే కుక్కకు గట్టి కంచె ఉన్న కెన్నెల్ మేలు.

ముందు టీకాలు

మంచి చోట ఎక్కడైనా మొదట అడిగేది టీకా పుస్తకం. అది అడగకుండానే కుక్కను తీసుకునే చోటుకు మీరే పంపకండి. మీ కుక్క పుస్తకం అడగనివారు పక్క కుక్కదీ అడిగి ఉండరు.

రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా వేయించాలి. డిస్టెంపర్, పార్వో, కామెర్లు తెచ్చే హెపటైటిస్, లెప్టోస్పైరోసిస్ వంటివాటికి కలిపి వేసే టీకా వేరే ఉంది. చాలా కుక్కలు ఒకచోట ఉన్నప్పుడు వ్యాపించే దగ్గును కెన్నెల్ కాఫ్ అంటారు. దానికీ టీకా ఉంది. టీకా వేసిన మర్నాడే రక్షణ రాదు. కనీసం రెండు మూడు వారాల ముందే వేయించాలి. ప్రయాణం ముందు రోజు సూది వేయించి సాయంత్రం బోర్డింగ్‌లో వదలడం వల్ల పుస్తకంలో తేదీ పడుతుందే తప్ప కుక్కకు ఒరిగేదేమీ లేదు.

టీకా లేని తెగులు ఒకటుంది. అది పిడుదుల జ్వరం. మన ప్రాంతపు వేడికీ తేమకూ పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి. పిడుదు కుట్టిన తర్వాత ఒకటి నుంచి మూడు వారాల దాకా కుక్క మామూలుగానే కనిపించవచ్చు. తరువాత జ్వరం, తిండి మానడం, చిగుళ్ళు పాలిపోవడం మొదలవుతాయి. కాబట్టి వదలడానికి ముందే డాక్టరు చెప్పిన పిడుదుల మందూ, నులిపురుగుల మందూ వేయించాలి.

వెళ్ళి కళ్ళారా చూడండి

ఫోనులో ఫోటోలు చూసి నిర్ణయించవద్దు. ఒకసారి చెప్పకుండా వెళ్ళండి. లోపలికి రానివ్వమంటే అక్కడితో సరి. చూడవలసినవి ఇవి:

1. వాసన. కుక్కలున్న చోట కొంత వాసన ఉంటుంది. కళ్ళు మండేంత వాసన ఉంటే రోజూ కడగడం లేదని అర్థం.
2. నీడ, గాలి. రేకుల కప్పు కింద మధ్యాహ్నం రెండు గంటలకు నిలబడి చూడండి. మనం నిలబడలేని చోట బొచ్చు కుక్క ఉండలేదు.
3. నీళ్ళు. ప్రతి జాగాలోనూ శుభ్రమైన నీటి గిన్నె ఉండాలి.
4. కంచె, గేటు. రెండు తలుపులు ఉంటే మంచిది. ఒకటి మూసిన తర్వాతే రెండోది తెరవాలి. పారిపోయే కుక్కలు ఎక్కువగా గేటు దగ్గరే పారిపోతాయి.
5. రాత్రి మనిషి. రాత్రి అక్కడే పడుకునే మనిషి ఉన్నాడా, తాళం వేసి వెళ్ళిపోతారా అని సూటిగా అడగండి.
6. కుక్కలను కలపడం. పెద్దవాటిని, చిన్నవాటిని విడివిడిగా ఆడిస్తున్నారా? ఆడేటప్పుడు పక్కన మనిషి ఉంటున్నాడా?

కదలలేనంత చిన్న బోనులో జంతువును ఉంచడం, మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం. కాబట్టి కుక్క లేచి, తిరిగి, కాళ్ళు చాపి పడుకునే జాగా ఉందా అని అడగడం మీ హక్కు.

మొదటి రోజే మొదటి రాత్రి కాకూడదు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు ఒక పూట డే కేర్‌లో వదలండి. మరో రోజు పూర్తిగా వదలండి. ఆ తర్వాత ఒక్క రాత్రి ఉంచి చూడండి. యజమాని వెళ్ళిపోయినా మళ్ళీ వస్తాడని కుక్కకు అలా తెలుస్తుంది. మొదటి రోజు చాలా కుక్కలు సరిగా తినవు, తలుపు వైపు చూస్తూ కూర్చుంటాయి, కొన్ని మూలుగుతాయి. ఇది సహజం. రెండో రోజు కూడా మెతుకు ముట్టకపోయినా, నీళ్ళు తాగకపోయినా, వాంతులు, నెత్తురు విరేచనాలు కనిపించినా అది బెంగ కాదు, జబ్బు అనుకుని డాక్టరుకు చూపించాలి.

కుక్కతో పాటు పంపవలసినవి

ఇంట్లో తినే తిండే పంపండి. పెరుగన్నానికి అలవాటుపడిన కుక్కకు అక్కడ హఠాత్తుగా ప్యాకెట్ తిండి పెడితే కడుపు చెడుతుంది. వేరేది పెట్టక తప్పదంటే వారం ముందునుంచే కొద్ది కొద్దిగా కలిపి అలవాటు చేయండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషంతో సమానం, వండిన ఎముకలు పేగులకు గుచ్చుకుంటాయి. ఈ మాట రాసి ఇవ్వండి, ఎందుకంటే మిగిలిన సాంబారన్నం పెట్టే చేతులు అక్కడా ఉంటాయి. మీ వాసన ఉన్న పాత దుప్పటో తువ్వాలో ఒకటి పంపండి. మెడపట్టీకి మీ ఫోను నంబరు ఉన్న బిళ్ళ తగిలించండి.

మన ఇళ్ళకు సంబంధించిన సంగతి ఇంకొకటి ఉంది. మన కుక్కలకు వచ్చింది తెలుగు. అక్కడ పనిచేసేవారికి వచ్చింది తమిళం, కొన్నిచోట్ల హిందీ. ఇంట్లో “రా”, “కూర్చో”, “వద్దు”, “తిను” అంటే వినే కుక్క, అక్కడ “వా”, “ఉట్కారు”, “వేండాం”, “సాప్పిడు” అంటే వినదు. దాన్ని మొండిదనుకుంటారు. కుక్క వినే మాటలను తమిళ లిపిలో ఒక చీటీ మీద రాసి, వాటి అర్థం పక్కన రాసి ఇవ్వండి. దాన్ని మనం పిలిచే ముద్దుపేరు కూడా రాయండి. దీనికి పైసా ఖర్చు లేదు, కుక్కకు మాత్రం సగం బెంగ తీరుతుంది.

సంతకం పెట్టే కాగితం

బోర్డింగ్‌లో చేర్చేటప్పుడు ఒక ఫారం ఇస్తారు. అది చాలాచోట్ల ఇంగ్లీషులోనే ఉంటుంది. దాన్ని పూర్తిగా చదవండి, చదవలేకపోతే చదివించుకోండి. ఇది ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నామో చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట మా ఇంట్లో పెళ్ళికని నాలుగు రాత్రులు మా కుక్కను ఒకచోట వదిలాము. దానికి తొమ్మిదేళ్ళు. రెండో రోజు అది తిండి మానేసింది. వాళ్ళు మాకు ఫోను చేశారు. కల్యాణ మండపంలో ఫోను సంచిలో ఉండిపోయింది. యజమాని అనుమతి లేకుండా వైద్యం చేయించరాదని మేము సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. రెండో నంబరు అని రాయవలసిన గడి ఖాళీగా వదిలేశాము. వాళ్ళు ఆగారు. మేము వచ్చేసరికి చిగుళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. పిడుదుల జ్వరమని డాక్టరు చెప్పారు. మూడో రోజు అది పోయింది. ఆ జ్వరం బహుశా మా పెరట్లోంచే వెళ్ళి ఉంటుంది. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ ప్రతి గడీ నింపితే తప్ప ఏ దరఖాస్తూ తీసుకోనివాళ్ళము, ఆ ఒక్క కాగితం మీద మాత్రం చదవకుండా సంతకం పెట్టాము. తప్పు వాళ్ళదెంతో మాదీ అంతే.

కాబట్టి ఫారంలో, లేకపోతే విడిగా ఒక తెల్లకాగితం మీద, ఈ సంగతులు తప్పకుండా రాసి సంతకం చేసి ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి:

1. మీ నంబరు, మీరు దొరకకపోతే నిర్ణయం తీసుకోగల ఊళ్ళోని ఇంకొకరి నంబరు.
2. మీ కుక్కను ఎప్పుడూ చూసే డాక్టరు పేరు, నంబరు.
3. “నేను దొరకకపోయినా వెంటనే వైద్యం చేయించండి, ఇంత మొత్తం వరకు నేను ఇస్తాను” అన్న వాక్యం.
4. పాత జబ్బులు, రోజూ వేసే మందులు, వేళలు.
5. దేనికి భయపడుతుంది, ఎప్పుడైనా కరిచిందా అన్నది. ఇది దాచకండి. అక్కడ పనిచేసేవారూ ఒక ఇంటి బిడ్డలే.

రాత్రివేళ ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో కూడా అడగండి. మనకు పెద్ద దిక్కు 1903లో మొదలైన చెన్నై వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రి. తిరుత్తణి నుంచి అది సుమారు 85 కిలోమీటర్లు. అంత దూరం తీసుకెళ్ళే బండి ఉందా, దగ్గరలో వచ్చే డాక్టరు ఉన్నారా అన్నది వదలక ముందే తేలాలి.

డబ్బు సంగతి

రేటు కుక్క పరిమాణాన్ని బట్టీ, గదిని బట్టీ మారుతుంది. రోజు అంటే 24 గంటలా, తేదీ మారితే ఇంకో రోజా అన్నది మొదట అడగండి. శుక్రవారం రాత్రి వదిలి ఆదివారం ఉదయం తెచ్చుకుంటే ఒకచోట రెండు రోజులు, ఇంకోచోట మూడు రోజులు అవుతుంది. తిండి, స్నానం, మందు వేయడం, ఇంటికి వచ్చి తీసుకెళ్ళడం అందులో కలిసి ఉన్నాయా, వేరేనా? అడ్వాన్సు తిరిగి ఇస్తారా? మీ రాక ఒక రోజు ఆలస్యమైతే ఎంత? రసీదు తప్పక తీసుకోండి.

ఎప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి

దీపావళి, సంక్రాంతి, వేసవి సెలవుల్లో చోటు దొరకదు. నెల ముందే చెప్పుకోవాలి. దీపావళికి టపాకాయల శబ్దం తగ్గే గది ఉందా అని అడగండి. తిరుత్తణిలో ఆడి కృత్తికకు, డిసెంబరు 31 మెట్ల పండుగకు వచ్చే జనానికి రోడ్లు నిండిపోతాయి. ఆ రోజుల్లో వదలడం, తేవడం పెట్టుకోవద్దు. అగ్ని నక్షత్రం రోజుల్లో పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలను ఫ్యాను, నీడ సరిగా లేని చోట వదలనే కూడదు. ఆగని ఆయాసం, చిక్కటి చొంగ, తూలడం కనిపిస్తే అది వడదెబ్బ. వెంటనే మామూలు నీళ్ళతో తడిపి, గాలి తగిలేలా చేసి, డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.

వదలకూడని కుక్కలు

టీకాలు పూర్తికాని పిల్లలు, ఎదకు వచ్చిన ఆడకుక్కలు, చూలుతో ఉన్నవి, జబ్బు నుంచి కోలుకుంటున్నవి, బాగా ముసలివి ఇంట్లోనే ఉండాలి. వాటికి తెలిసిన మనిషి పూటకొకసారి వచ్చి చూసే ఏర్పాటు చేయండి. వెంట తీసుకెళ్దామంటే రైల్వేలో ఫస్టు ఏసీలో మొత్తం కూపే మీ పేర ఉంటేనే కుక్కను మీతో ఉంచుకోవచ్చు. లేకపోతే బ్రేకు వ్యానులోని పెట్టెలో పంపాలి. స్లీపరు, టూ టైరు, త్రీ టైరు ఏసీలలో అనుమతి లేదు.

తిరిగి తెచ్చుకున్నాక

ఇల్లు చేరగానే చెవుల వెనక, వేళ్ళ సందుల్లో పిడుదులు వెతకండి. మొదటి రోజు కుక్క ఎక్కువగా నిద్రపోతుంది, నీళ్ళు ఎక్కువ తాగుతుంది. కంగారు పడనక్కర్లేదు. తర్వాత రెండు మూడు వారాలు మాత్రం దగ్గు, జ్వరం, విరేచనాలు, తిండి మానడం కనిపిస్తుందేమో గమనించండి. కనిపిస్తే డాక్టరుకు “బోర్డింగ్‌లో ఉండి వచ్చింది” అని ముందే చెప్పండి. బోర్డింగ్ వారికీ తెలపండి. పక్క గదిలో ఉన్న కుక్క యజమానికి ఆ కబురు వాళ్ళ ద్వారానే అందాలి.

మన సభ్యుల్లో ఒకే వీధిలో కుక్కలున్న ఇళ్ళు రెండు మూడు ఉంటే, ఒకరు ఊరికి వెళ్ళినప్పుడు ఇంకొకరు చూసుకునే మాట ఇచ్చిపుచ్చుకోవడం మంచిది. అది కుదరనప్పుడే బోర్డింగ్. ఏది చేసినా ఆ రెండో ఫోను నంబరు గడి మాత్రం ఖాళీగా వదలకండి.