రస్సెల్‌కొండ రోడ్డులో మన ముందున్న బండి

బరంపురం నుంచి భంజనగర్‌కు మేం ఎన్నిసార్లు వెళ్ళి వచ్చామో లెక్క లేదు. హింజిలికాటు, ఆస్కా దాటుకుని ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. కారులో రెండు గంటలంటారు గానీ, మేం ఏనాడూ ఆ రెండు గంటల్లో చేరలేదు. ముందు ఏదో ఒకటి ఉంటుంది. చెరకు ట్రాక్టరో, గడ్డి లారీయో, నలుగురిని ఎక్కించుకున్న మోపెడో. లేదంటే రోడ్డు మధ్యలో ఇరవై మీద కారు నడుపుతూ, వెనక ఎవరున్నారో అద్దంలో చూడని పెద్దాయనో. హారన్ కొడతాం, లైట్లు వేస్తాం, పళ్ళు నూరుకుంటాం. ఇంటికి చేరాక కాళ్ళు కడుక్కోకముందే మొదటి మాట అదే: "ఆ వెధవ బండి వల్ల గంట లేటు!"

మన ఇళ్ళల్లో ఈ కోపం అందరికీ ఉంది. బళ్ళారిలో స్థిరపడిన మన వాళ్ళకీ ఉంది, ఖరగ్‌పూర్‌లో ఉన్న వాళ్ళకీ ఉంది. అందుకని ఈసారి మన రోడ్డు కథ రాద్దామనుకున్నాం. రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చివర చెబుతాం.

భంజనగర్ అన్నది కొత్త పేరు. పక్కనే కులాడలో పుట్టిన ఒడియా మహాకవి ఉపేంద్ర భంజ పేరు మీద పెట్టుకున్నది. మన తాతల నోట మాత్రం అది రస్సెల్‌కొండే. ఆ పేరులో సగం ఇంగ్లీషు, సగం తెలుగు. ఘుమ్సర్ రాజ్యంలో 1835లో తిరుగుబాటు లేచినప్పుడు మద్రాసు ప్రభుత్వం జార్జ్ ఎడ్వర్డ్ రస్సెల్ అనే అధికారిని అక్కడికి పంపింది. 1837 దాకా ఆ యుద్ధం సాగింది. ఆయన పేరుకి మన "కొండ" తగిలించి ఊరికి పేరు పెట్టారు. అప్పట్లో గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోది మరి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకూ అలాగే ఉంది.

సైన్యం వచ్చిందంటే వెనకాల దారి రావాల్సిందే. కొండల్లోకి దారి తెరవాలన్నది ఆ యుద్ధం తరవాత ప్రభుత్వం పట్టుదలగా పట్టుకున్న పని. ఇవాళ ఆస్కా నుంచి భంజనగర్ మీదుగా, కళింగ ఘాటీ ఎక్కి ఫుల్బనీ వైపు పోయే 157వ నంబరు జాతీయ రహదారి ఆ దిక్కునే పోతుంది. మొదట ఫిరంగుల కోసం తెరిచిన దిక్కు అది. కానీ వందేళ్ళ పాటు ఆ దారిని వాడుకున్నది ఎడ్లబండి.

ఒడియాలో దాన్ని శగడ అంటారు. మన శకటమే. జత ఎడ్లు సరుకు బండి లాగితే గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లు. అంటే రస్సెల్‌కొండ నుంచి బరంపురానికి మూడు రోజుల ప్రయాణం. ఎండాకాలంలో రాత్రిళ్ళు నడిచేవి. బండి కింద లాంతరు వేలాడేది. బండివాడు బస్తాల మీద నిద్రపోయేవాడు, దారి ఎడ్లకు తెలుసు గనక. పైకి వెళ్ళేటప్పుడు ఉప్పు, బట్ట. దిగేటప్పుడు కంధమాళ్ కొండల పసుపు, చింతపండు. ఆస్కా దగ్గర బడనది వచ్చి ఋషికుల్యలో కలుస్తుంది. వానాకాలంలో ఏరు నిండితే బళ్ళు ఒడ్డునే ఆగిపోయేవి. ఒక పూటా, రెండు పూటలా, దిగేదాకా.

ఆ నెమ్మదితనం ఎంత ఖరీదైనదో 1866లో తెలిసింది. ఆ ఏడు ఒరిస్సాలో వచ్చిన కరువులో దాదాపు పది లక్షల మంది పోయారని చరిత్రలు చెబుతాయి. బయట ధాన్యం లేక కాదు, ఉన్న ధాన్యం వాళ్ళ దగ్గరికి చేరక. వానలు పడ్డాక సముద్రం మీద ఓడలు దించుకోలేకపోయాయి, నేల మీద బండి కదిలే రోడ్డు లేదు. గంజాం కూడా ఆ కరువు చూసింది. తరవాత ఋషికుల్య కాలవలు తవ్వారు, సొరడలోనూ రస్సెల్‌కొండలోనూ పెద్ద చెరువులు కట్టారు. 1890లలో తీరం వెంట రైలు వచ్చి బరంపురం స్టేషను వెలిసింది. రస్సెల్‌కొండకు మాత్రం రైలు రాలేదు. ఈనాటికీ లేదు. వచ్చేదీ పోయేదీ ఆ ఒక్క రోడ్డు మీదే. కోపానికి సగం కారణం ఇక్కడే ఉంది. రైలు మోయాల్సిన చెరకూ, కర్రా, ఇటుకా, పెళ్ళివారూ, రోగీ అందరూ ఒకే దారిలో పడ్డారు.

ఇక ఆ రోడ్డుకు డబ్బు ఎవరిచ్చారు? రైతు భూమి శిస్తుతో పాటు రోడ్డు సెస్సు కట్టాడు. పైగా మద్రాసు జిల్లాల్లో రోడ్ల మీద టోల్ గేట్లు ఉండేవి. బండివాడు గేటు దగ్గర ఆగి, బండికి ఇంత అని కట్టి కదిలేవాడు. 1931లో మద్రాసు ప్రభుత్వం మోటారు వాహనాల మీద పన్ను చట్టం తెచ్చి ఆ గేట్లు ఎత్తేసింది. అంటే మనం "మా దారికి అడ్డం" అనుకునే ఆ బండి, మన మోటారు కన్నా ముందు ఆ దారికి డబ్బు కట్టింది. బండి తప్పూ లేకపోలేదు. సన్నటి ఇనప పట్టా వేసిన చక్రం కంకర రోడ్డును కోసేసేది. గాలి టైర్లు తరవాతెప్పుడో వచ్చాయి.

మా ముత్తాతగారికి రస్సెల్‌కొండలో పసుపు, బియ్యం వ్యాపారం. రెండు సొంత బళ్ళు. ఆ దారిలోకి మోటారు బస్సు వచ్చిన కొత్తలో ఆయన పడ్డ అవస్థ మా ఇంట్లో కథగా చెప్పుకుంటారు. దూరం నుంచి బస్సు చప్పుడు వినపడితే చాలు, ఆయన బండి దిగి పరిగెత్తి ఎడ్ల ముకుతాళ్ళు పట్టుకునేవారట. లేకపోతే బెదిరి కాలవలో దూకేస్తాయి. బస్సు డ్రైవరు తల బయటపెట్టి నోటికొచ్చినట్టు తిట్టి పోయేవాడట. ఇంటికొచ్చి ఆయన అనేవారట: "రోడ్డు వాడి బాబుదేటి!"

ఆ మాట గుర్తు చేసుకుని మేం ఇప్పటికీ నవ్వుకుంటాం. కానీ ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది. ఆ రోజు ముందున్న నెమ్మది బండి మాది. తిట్లు తిన్నది మా ముత్తాత.

ఇంగ్లాండులో ఈ తగువు తలకిందులుగా జరిగింది. 1865లో అక్కడ ఒక చట్టం చేశారు. ఆవిరితో నడిచే బండి పల్లె రోడ్డు మీద గంటకు నాలుగు మైళ్ళు, ఊళ్ళో రెండు మైళ్ళు దాటకూడదు. దాని ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. గుర్రాలు బెదరకుండా, నెమ్మదిగా పోయేవాళ్ళకు ప్రమాదం రాకుండా. 1896లో వేగం పద్నాలుగు మైళ్ళకు పెంచే వరకు ఆ వేగమే హద్దు. అక్కడ చట్టం నెమ్మది పక్షాన నిలబడింది. మన దగ్గర 1914లో మోటారు వాహనాల చట్టం వచ్చింది, 1939లో ఇంకోటి, 1988లో ఇప్పుడున్నది. మూడూ మోటారుకే. లైసెన్సూ నంబరూ లేని ఎడ్లబండి మోటారుతో పాటు అదే దారిలో నడిచింది. ఇద్దరికీ ఎలా కుదురుతుందన్నది రోడ్డు మీద వాళ్ళే తేల్చుకోవాల్సి వచ్చింది.

అసలు చిక్కు వేగంలో లేదు, వెడల్పులో ఉంది. 1943లో దేశంలోని పెద్ద ఇంజినీర్లు నాగపూర్‌లో కూర్చుని రోడ్లను జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రోడ్లని విడదీసి ఇరవై ఏళ్ళ ప్రణాళిక వేశారు. మన రోడ్ల లెక్కల్లో ఒక వరస రోడ్డు అంటే 3.75 మీటర్ల తారు. రెండు వరసలంటే 7 మీటర్లు. లారీ వెడల్పు రెండున్నర మీటర్లు. ఒక వరస రోడ్డులో లారీ పోతుంటే పక్కన మిగిలేది మీటరుంపావు. అందులోంచి కారు ఎలా దూరుతుంది? ముందువాడు తన ఎడమ చక్రాలు మట్టిలోకి దించితేనే వెనకవాడికి సైడ్. వానాకాలంలో ఆ మట్టి బురద. ఎండాకాలంలో తారు అంచుకూ మట్టికీ మధ్య జానెడు లోతు. నిండు లోడుతో ఉన్నవాడు చక్రం దించాడంటే మన అయిదు నిమిషాల కోసం తన లోడంతా పణం పెట్టినట్టే.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. నెమ్మదిగా పోవడం వేరు, దారి ఇవ్వకపోవడం వేరు. మొదటిది బరువుదో, వయసుదో, ఇంజనుదో. రెండోది బుద్ధిది. వెడల్పు ఉన్నచోట కూడా మధ్యలోనే పోయేవాడు, మనం దాటబోతుంటే తను వేగం పెంచేవాడు తప్పు చేస్తున్నాడు. దాటేవాడికి అడ్డుపడేలా వేగం పెంచకూడదని 1989 నాటి రోడ్డు నియమాల్లోనే రాశారు. వాడి మీద కోపం న్యాయమే. అయితే స్టీరింగు వెనక కూర్చున్నప్పుడు మన కోపానికి ఈ తేడా తెలియదు. అందర్నీ ఒకే గాటన కడుతుంది.

ఇప్పుడు ఆ ఇంకో కారణం.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. సంక్రాంతికి అందరం భంజనగర్ ఇంట్లో ఉన్నాం. రాత్రి పదింటికి పెదనాన్నగారికి గుండెలో నొప్పి. డాక్టరు చూసి, ఆలస్యం చెయ్యకుండా బరంపురం తీసుకుపొమ్మన్నారు. అక్కడ 1962 నుంచి మెడికల్ కాలేజీ ఉంది. గంజాం, కంధమాళ్ వాళ్ళకు పెద్ద రోగమంటే అదే దిక్కు. కారులో వెనక సీట్లో ఆయన్ని పడుకోబెట్టి బయలుదేరాం.

ఆస్కా ఇంకా రాలేదు. ముందు చెరకు ట్రాక్టరు. గానుగ కాలం కదా. వెనక లైటు లేదు, చెరకు రెండు పక్కలా తన్నుకొచ్చి ఉంది. ఇరవై దాటడం లేదు. హారన్ మీద చెయ్యి తీయలేదు మేం. కిటికీలోంచి అరిచాం. రాయడానికి వీల్లేని మాటలే అన్నాం. చాలాసేపటికి ఆ డ్రైవరు వెనక్కి తిరిగి చూసి, "ఆజ్ఞా, టికే రుహంతు" అన్నాడు. అయ్యా, కొంచెం ఆగండి అని. వెడల్పు చోటు వచ్చేదాకా ఆగమని అతని భావం. మేం ఆగలేదు. "లోపల మనిషి పోతున్నాడు" అని ఒడియాలో కేకేశాం.

అతను ఇంకేమీ అనలేదు. అక్కడికక్కడే ఎడమవైపు మట్టిలోకి దించాడు. మేం పక్కనుంచి దూరిపోయాం. దాటుతుండగా వెనక ట్రాలీ ఒరగడం అద్దంలో కనపడింది. చెరకు జారుతున్న చప్పుడు వినపడింది. మేం ఆగలేదు. ఆగే పరిస్థితి కాదు.

పెదనాన్నగారు బతికారు. ఆ తరవాత తొమ్మిదేళ్ళు ఉన్నారు. ఆ రోడ్డు మీద కారులో వెళ్ళిన ప్రతిసారీ ఆ చోటు దగ్గర అడిగేవారు: "ఆ ట్రాక్టరు కుర్రాడికి ఏమైందిరా?" మా దగ్గర జవాబు లేదు. మర్నాడు మధ్యాహ్నం మా తమ్ముడు వెళ్ళి చూశాడు. మట్టిలో లోతుగా చక్రం దిగిన గాడి, కొన్ని విరిగిన చెరకు గడలు తప్ప ఏమీ లేవు. దగ్గర ఊళ్ళో అడిగితే ఎవరి బండో తెలియదన్నారు.

"నిదానమే ప్రధానం" అన్నదీ మన పెద్దలే, "ఆలస్యం అమృతం విషం" అన్నదీ మన పెద్దలే. ఆ రాత్రి రెండూ నిజమే అయ్యాయి. ఒకటి మా కారులో ఉంది, ఒకటి ఆ ట్రాక్టరు మీద ఉంది. రెండింటికీ సరిపడా రోడ్డు లేదు. ఆ లోటును చక్రం మట్టిలోకి దించి, తన నష్టంతో పూడ్చినవాడు మేం అరగంట తిట్టిన మనిషి.

ఇప్పుడు రోడ్డు చాలాచోట్ల బాగుపడింది. ముందు బండి మాత్రం ఉంటూనే ఉంది. మా పిల్లలు హారన్ మీద చెయ్యి వేస్తే వద్దనం. వాళ్ళకీ ఏదో తొందర ఉంటుంది. ఒక్కటి మాత్రం చెబుతాం: ముందు వాడి ఎడమ పక్క చూడు, దిగడానికి చోటు ఉందా? ఉండీ దిగకపోతే కొట్టు హారన్. లేకపోతే ఆగు. సైడ్ ఇచ్చాడంటే దాటేటప్పుడు చెయ్యెత్తి చూపించు.

ఆ రాత్రి మేం చెయ్యి ఎత్తలేదు.