గేరు మార్చు చమురు

నైజాము ప్రభుత్వ రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైనది. ఆ కాలపు బస్సులలో గేరు మార్చుట ఒక విద్య. డ్రైవరు క్లచ్చి తొక్కి ఒక గేరు విడదీసి, క్లచ్చి వదలి, ఇంజను వేగమును సరిచేసి, మరల తొక్కి మరొక గేరు వేయవలెను. అంచనా తప్పినచో పండ్లు ఒరుసుకొని కీచుమనెడివి. సూర్యాపేట నుండి కూసుమంచి మీదుగా ఖమ్మం పోవు దారియైనను, భద్రాచలం అడవి దారియైనను, గేరు మార్చవలసిన క్షణము డ్రైవరు చెవికే తెలియవలెను. ఈ తెలివి యంత్రమునకు అబ్బిన వైనమే ఆటోమాటిక్ గేరుబాక్సు చరిత్ర. అందు ముఖ్యపాత్ర చమురుది.

ఈ చరిత్ర రోడ్డుమీద గాక ఓడలో మొదలైనది. ఆవిరి టర్బయిను అతివేగముగా తిరుగును. ఓడ ప్రొపెల్లరు మెల్లగా తిరిగిననే నీటిని చక్కగా నెట్టగలదు. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటకు జర్మనీలో హెర్మన్ ఫాటింగర్ అను ఇంజనీరు 1905లో ఒక ఉపాయమునకు పేటెంటు పొందెను. రెండు పంకాలను ఎదురెదురుగా ఉంచి ఒకదానిని తిప్పినచో, దాని గాలి తగిలి రెండవదియు తిరుగును. గాలికి బదులు ద్రవమును నింపి, రెక్కలుగల రెండు చక్రములను ఒకే పెట్టెలో బిగించినచో, లోహము లోహమును తాకకుండగనే బలము చేరును. నడుమ మూడవ చక్రమును చేర్చినచో, వేగము తగ్గి త్రిప్పుబలము పెరుగును. అదే టార్క్ కన్వర్టరు.

అమెరికాలో 1928 నాటి కాడిలాక్ కార్లకు కీచుమనని గేరుబాక్సు నిచ్చిన ఎర్ల్ థాంప్సన్, తరువాత జనరల్ మోటార్స్ సంస్థలో ఆటోమాటిక్ గేరుబాక్సు కృషికి నాయకుడయ్యెను. దాని ఫలితమైన హైడ్రామాటిక్ 1939 చివర, 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లతో బజారుకు వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా తేలిక టాంకులలోను దానిని వాడిరి.

దాని కీలకము ఇది. బండి వేగము హెచ్చిన కొలది చమురు ఒత్తిడి పెరిగి ఒక చిన్న వాల్వును ఒక ప్రక్కకు నెట్టును. యాక్సిలరేటరు తొక్కిన కొలది మరొక ఒత్తిడి ఎదురుగా నెట్టును. వేగపు ఒత్తిడి గెలిచిన క్షణమున వాల్వు జరిగి, చమురు వేరొక క్లచ్చికి చేరి, గేరు మారును. నేటి కార్లలో ఆ నిర్ణయమును కంప్యూటరు చేయును; క్లచ్చిని బిగించునది మాత్రము చాలవాటిలో ఇప్పటికిని చమురే.

ఆ చమురు పలుచగా పారవలెను, పండ్లను కాపాడవలెను, క్లచ్చి ప్లేట్లను కుదుపు లేకుండ పట్టనీయవలెను. ఈ మూడవ గుణము కొరకు స్పెర్మ్ తిమింగలము నూనెను కలిపెడివారు. 1970లో అమెరికా ఆ తిమింగలమును అంతరించు జీవుల పట్టికలో చేర్చగా, ఆ నూనె వాడుక నిలిచిపోయినది. తొలినాళ్ల ప్రత్యామ్నాయములలో కొన్ని చమురును చల్లబరచు గొట్టముల అతుకులను తినివేసినవి. మేలైన చమురు దొరకుటకు కొన్ని సంవత్సరములు పట్టినది.

ఖమ్మం జిల్లా సత్తుపల్లి వంటి చోట్ల సింగరేణివారి ఓపెన్‌కాస్టు గనులలో తిరుగు భారీ డంపర్లలో పెక్కింటికి ఫాటింగర్ సూత్రమే ఆధారము.

పాత కారు గేరుబాక్సును ఇంటివద్ద పరీక్షించువారు చదువునదియు ఈ చమురునే. బండిని చదునైన నేలపై నిలిపి, చక్రములకు అడ్డు పెట్టి, గట్టి స్టాండ్లపై ఎత్తవలెను. జాకీ నొక్కదానినే నమ్మి క్రిందికి దూరరాదు. మరుగు వేడి తగ్గిన తరువాతనే చమురు దింపవలెను. అడుగు పళ్లెము నందలి అయస్కాంతముపై సన్నని బూడిదరంగు ముద్ద ఉన్నచో అది సహజమైన అరుగుదల. లోహపు పెచ్చులు కనిపించినచో బేరింగో, గేరో చెడినట్లు. మాడు వాసనతో నల్లబడిన చమురు క్లచ్చి ప్లేట్లు కాలినట్లు చెప్పును. గులాబీ రంగు పాలవలె ఉన్నచో నీరు కలిసినది. రేడియేటరు లోపలి గొట్టము పగిలియైనను, పొంగిన వాగు దాటునప్పుడు గాలిరంధ్రము ద్వారానైనను అది చేరవచ్చును.

పళ్లెమును కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, నూలుపోగులు రాలని గుడ్డతో తుడువవలెను. వెంట్రుకంత పోగు చాలును, వాల్వును బిగియబట్టుటకు. ఫిల్టరును, గాస్కెట్టును క్రొత్తవి వేసి, బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగింపవలెను. దింపిన చమురును కొలిచి, తయారీదారు పుస్తకము చెప్పిన రకమునే తిరిగి పోసి, ఆ పుస్తకము చెప్పిన రీతినే మట్టము చూడవలెను. ఎర్రగా ఉన్నంత మాత్రమున ఏ చమురైనను సరిపడదు. ఆ ఎరుపు, కారుచున్నది ఇంజను ఆయిలు కాదని తెలియుటకు కలిపిన రంగు మాత్రమే.