సీ ఫిషింగ్: చేప బోటు దాకా వచ్చి తప్పించుకుంటోందా? ల్యాండింగ్ నెట్ కొనేముందు ఇవి చూసుకోండి

సముద్రంలో గాలం వేసేవాళ్లకు అసలు టెన్షన్ చేప పడినప్పుడు కాదు, దాన్ని బోటులోకి ఎక్కించేటప్పుడే. పక్కకు లాక్కొచ్చిన చేప బోటును చూడగానే మళ్లీ గట్టిగా గుంజుతుంది. లైన్ తెగేది, గాలం ఊడేది చాలాసార్లు అక్కడే. దానికన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. వల పిడి పొట్టిగా ఉంటే మనిషి బోటు అంచు మీద నుంచి బయటకు వంగాలి. అదే టైంలో అల కొడితే మనిషే నీళ్లలో పడొచ్చు. అందుకే ల్యాండింగ్ నెట్, అంటే పిడి ఉన్న చేతి వల కొనేటప్పుడు ధర కన్నా ముందు మీ బోటును, మీరు పట్టే చేపను చూసుకోవాలి.

పిడి ఎంత ఉండాలి?

బోటు అంచు నుంచి నీటి మట్టం వరకు కొలవండి. దానికి 2 నుంచి 3 అడుగులు కలపండి. అంచు 3 అడుగుల ఎత్తులో ఉంటే 5 నుంచి 6 అడుగుల పిడి కావాలన్నమాట. సాగదీసే పిడి దాచుకోవడానికి బాగుంటుంది కానీ, లాక్ గట్టిగా ఉందో లేదో షాపులోనే లాగి చూడాలి.

రింగు సైజు

రింగు వెడల్పు చేప పొడవులో సగానికి పైగా ఉంటే సేఫ్. వల లోతు కూడా ముఖ్యమే. లోతు తక్కువైతే పార లాంటి బలమైన చేప ఎగిరి బయటపడుతుంది.

నైలానా? రబ్బరా?

* నైలాన్: తేలిక, చవక, నీళ్లలో వేగంగా కదులుతుంది. కానీ మూడు కొనల గాలాలు ఇందులో చిక్కుకుంటే విడదీయడం నరకం. ముడులున్న వల చేప పొలుసులు ఊడగొడుతుంది.
* రబ్బరు: గాలం ఈజీగా వచ్చేస్తుంది, చేప ఒంటి మీది జిగురు పొర పోదు. చిన్న చేపల్ని తిరిగి వదిలేసేవాళ్లకు ఇదే బెటర్. బరువు మాత్రం ఎక్కువ.
* రబ్బరు పూత వేసిన నైలాన్: రెండింటికీ మధ్యస్తం. ఎక్కువమందికి ఇది సరిపోతుంది.

విశాఖ వైపు కోనాం అని పిలిచే వంజరం పళ్లు బ్లేడులా ఉంటాయి, సన్న నైలాన్‌ను కోసేస్తాయి. పెద్ద వంజరాన్ని కొక్కెంతో ఎక్కించడం మామూలే. కానీ కొక్కెం దిగిన చేపను వదిలేసినా బతకడం కష్టం.

ఉప్పునీటితో జాగ్రత్త

ఫ్రేమ్ అల్యూమినియంది, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అయి ఉండాలి. మామూలు ఇనుప బోల్టులు త్వరగా తుప్పు పడతాయి. వేట అయ్యాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. ఎండలో పడేస్తే నైలాన్ పెళుసవుతుంది.

వాడే పద్ధతి

చేప వెనకాల వలతో పరిగెత్తొద్దు. వలను ముందే నీళ్లలో దించి ఉంచి, చేపను తల వైపు నుంచి అందులోకి నడిపించాలి. పడ్డాక పిడి పట్టుకుని అడ్డంగా ఎత్తితే పిడి వంగిపోతుంది. వలను దగ్గరకు లాగి, రింగు పట్టుకుని నిలువుగా పైకి తీయాలి. రాడ్ ఒకరు, వల ఒకరు పట్టుకుంటే మంచిది.

ఒంటి మీద లైఫ్ జాకెట్ తప్పనిసరి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మోటారు బోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ట్రిప్ ప్లాన్ చేసుకునేవాళ్లు ఆ తేదీలు చూసుకోండి.