అన్నభేది నీటిలో తేలిన రేఖలు: ఉక్కు ఖడ్గాలపై ఆమ్లలేపనం - చారిత్రక పరిశీలన

‘డమాస్కస్ కత్తి’ అనగానే సిరియా నగరం గుర్తుకు వస్తుంది. ఆ పేరుతో ప్రసిద్ధికెక్కిన మేలిరకం ఖడ్గాలలో అనేకం దక్షిణ భారతంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కుతో తయారయ్యాయి. గోదావరికి దక్షిణాన, నేటి నిజామాబాదు జిల్లాలో ఉన్న కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపడ్డ గ్రామాలలో ఒకటి. సర్వే శాఖలో వైద్యుడుగా, భూవిజ్ఞానవేత్తగా పనిచేసిన హెన్రీ వాయ్సీ అక్కడి కొలుములను స్వయంగా చూసి రాసిన వర్ణన, ఆయన మరణించిన ఎనిమిదేళ్ళకు, 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు కూడా అందులో కనిపిస్తాడు.

కోనసముద్రం నుంచి ఎగుమతి అయినది ఉక్కు ముద్ద. దానిని సాగగొట్టి, మెరుగుపెట్టి, ఆమ్లంతో రేఖలు తేల్చే పని చాలావరకు పారశీక, పశ్చిమాసియా కర్మశాలలలో జరిగింది. చూపరుల కంటికి ఆనేది ఈ చివరి పనే. కనుక కీర్తి కూడా చివరి పని జరిగిన చోటికే దక్కింది. 1795లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో జార్జ్ పియర్సన్ ఈ లోహాన్ని ‘వూట్జ్’ పేరిట పరిచయం చేశాడు. తెలుగు, కన్నడ భాషల ‘ఉక్కు’ శబ్దమే వికృతి చెంది అలా మారిందని పలువురి అభిప్రాయం. కమ్మరి పేరు ఎలాగూ నమోదు కాలేదు. అతని మాట కూడా గుర్తుపట్టలేని రూపంలోనే మిగిలింది.

రేఖలను ఆమ్లం గీస్తుందనుకోవడం పొరపాటు. అవి ఉక్కులో ముందే ఉంటాయి. ఈ ఉక్కులో కర్బనం సుమారు 1.5 శాతం. ముద్ద నెమ్మదిగా చల్లారి, పదేపదే కాగి సుత్తిదెబ్బలు తిన్నప్పుడు ఇనుము-కర్బన సమ్మేళనమైన సిమెంటైట్ కణాలు వరుసలుగా చేరతాయి. ఆమ్లం చుట్టూ ఉన్న మెత్తని భాగాన్ని తిని నల్లబరుస్తుంది. సిమెంటైట్ లొంగక తెల్లగా నిలుస్తుంది. పారశీకులు ఇందుకు ‘జాగ్’ అనే ఖనిజాన్ని నీటిలో కరిగించి వాడేవారు. అందులో ప్రధానమైనది ఐరన్ సల్ఫేట్, అంటే తెలుగువారి అన్నభేది. కరక్కాయ కషాయంతో కలిసి కాగితాల మీద సిరాగా నల్లబడినది కూడా ఇదే లవణమని సాహిత్య పరిశోధకులకు గుర్తుచేయడం అప్రస్తుతం కాదు.

ఫలితం స్వచ్ఛంగా రావడం ఆమ్లం కన్నా దానికి ముందు జరిగే పనిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది. మెరుగులో మిగిలిన సన్నని గీతను ఆమ్లం లోతు చేస్తుంది. అది రేఖాకృతిలో కలిసిపోయి చూపును తప్పుదారి పట్టిస్తుంది. వేలిముద్రలోని జిడ్డు ఆమ్లాన్ని అడ్డుకోవడం వల్ల ఆ మేర తెల్లని మచ్చ మిగులుతుంది. అందుకే బ్లేడును బూడిదతోనో సున్నంతోనో, నేడైతే ఆల్కహాలుతోనో తుడిచి, ఆపై చేతితో తాకరు. ద్రావణం గాఢమైతే రెండు భాగాలూ కలిసి కరుగుతాయి, ఉపరితలం గరుకెక్కుతుంది. నేటి లోహశాస్త్ర ప్రయోగశాలలలో ఆల్కహాలులో 2 నుంచి 5 శాతం నత్రికామ్లం సరిపోతుంది. కత్తులు చేసేవారు పలుచని ఫెర్రిక్ క్లోరైడ్ వాడతారు. పలుచని ద్రావణంతో కొద్దికొద్దిసేపు పలుమార్లు చేసి, ప్రతిసారీ పైకి తేలిన నల్లపొరను తుడిచి చూడటం మేలు. చివర నీటితో కడిగి, సోడాతో ఆమ్లశేషాన్ని చంపి, ఆరబెట్టి నూనె రాయకపోతే తుప్పు ఆ రేఖల వెంబడే మొదలవుతుంది.

స్టోడార్ట్, ఫారడే 1820లో ప్రకటించిన ప్రయోగాలలో ఈ ఉక్కును తిరిగి కరిగించినా, సాగగొట్టి మెరుగుపెట్టి పలుచని ఆమ్లం పూస్తే రేఖలు మళ్ళీ కనిపించాయి. కారణం అల్యూమినియం అని వారు పొరబడ్డారు గాని, పరిశీలన సరైనదే. నకిలీని పట్టే పద్ధతి దాని నుంచే వచ్చింది. మామూలు ఉక్కుపై మైనమో లక్కో పూసి, ఆమ్లంతో గీసిన ఆకృతి మెరుగుపెడితే పోతుంది, తిరిగి ఆమ్లం పూసినా రాదు. అసలుది పోయినా మళ్ళీ వస్తుంది.

ఈ పరీక్షకు ఖరీదు ఉంది. పూసిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది. సంగ్రహాలయాలలో తళతళలాడేలా తోమిన కత్తులకు ఆకృతే కనిపించదు. తెలుసుకోవాలంటే మళ్ళీ ఆమ్లం పూయాలి. ఏ పూత ఎప్పుడు, ఎవరు పూశారో రాసిపెట్టకుండా పూసిన కత్తి చరిత్రకారుడికి సగమే పనికివస్తుంది. బెర్న్ నగరానికి చేరిన హెన్రీ మోజర్ సేకరణలోని ఖడ్గాలను 1924లో జోకే ముక్కలుగా కోసి పరీక్షించాడు. ఆ ముక్కలపైనే 1998లో వెర్హోవెన్ బృందం పనిచేసి, రేఖలు ఏర్పడటానికి అత్యల్ప మోతాదులోని వెనేడియం వంటి మలినాలు కీలకమని చూపింది.

ఆ మలినం ఖనిజం నుంచి వచ్చినదే. అయితే ఏ ఊరి ఖనిజం నుంచో కత్తిపై రేఖలు చెప్పలేవు. దానికి మరో వైపు సాక్ష్యం కావాలి. కొలుముల పక్కన పారబోసిన చిట్టెం, విరిగిన మూసల పెంకులు ఉత్తర తెలంగాణ పల్లెల పొలిమేరలలో దిబ్బలుగా మిగిలాయి. 2010లో బెంగళూరు, ఎక్సెటర్ పరిశోధకులు వాటిని ఊరూరా నమోదు చేశారు. పొలాలు చదునవుతున్న కొద్దీ ఆ దిబ్బలు తరుగుతున్నాయి.