బోదె మీద ఎవరు, ఓటరు జాబితాలో ఎవరు?

విజ్జేశ్వరం దగ్గర గోదావరిని వదిలిన పశ్చిమ డెల్టా నీరు నరసాపురం, మొగల్తూరు శివారు చేలకు చేరేది చిట్టచివర. దాళ్వాలో (రబీలో) గోదావరి తగ్గితే వంతులు పెడతారు. గుర్రపుడెక్క పట్టిన పంటబోదెలో ఆ కాస్త నీరూ పాకుతూ వచ్చేసరికి ఏ అర్ధరాత్రో అవుతుంది. అప్పుడే ఆయిలింజను పెట్టి తోడుకోవాలి.

ఈ నీటి పంపకాన్ని రైతుల చేతికే ఇవ్వాలని 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. ఆ ఏడాదే పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. శివారు తడిసిన ఏడాదిని సంఘం ఖాతాలో వేయడం మాత్రం తొందరపాటు. ఆ ఏడు సీలేరు జలాశయాల నుంచి గోదావరిలోకి ఎంత నీరు వదిలారు, కాలువ కట్టేసిన వేసవిలో పూడిక తీశారా లేదా అన్నవి కూడా లెక్కలోకి రావాలి. సార్వాలో (ఖరీఫ్‌లో) అసలు గొడవ కాలువది కాదు, మురుగుది. సముద్రం పోటు మీదుంటే డ్రెయిను లాగదు, చేలు మునుగుతాయి. ఎదురుగట్టున కోనసీమ రైతులు 2011లో పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో మురుగు ఒకటి.

అధికారం నిజంగా చేతులు మారిందా? పరిశోధకులు రత్నారెడ్డి, ప్రుధ్వీకర్ రెడ్డి 2005లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం చాలావరకు లేదనే అంటుంది. అది రాష్ట్రం మొత్తాన్ని చూసిన మాట. డెల్టాకు అతికించేటప్పుడు జాగ్రత్త అవసరం.

డెల్టాలో నాకు తేడాగా కనిపించేది కౌలు. 1997 చట్టం కౌలుదారునూ సంఘ సభ్యుడిగా గుర్తిస్తుంది, కాకపోతే రికార్డులో పేరుండాలి. ఇక్కడి కౌళ్లు ఎక్కువగా నోటిమాట మీద నడిచేవే. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద సాగుదారు కార్డు కావాలన్నా భూయజమాని ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల విరామం తర్వాత 2024 డిసెంబరులో జరిగిన సంఘ ఎన్నికల్లోనూ అర్హత కాగితాన్ని బట్టే. అర్ధరాత్రి ఇంజను దగ్గర కూర్చునే మనిషికీ, వంతు నిర్ణయించే ఓటుకూ మధ్య ఎడం ఉండే అవకాశం ఎక్కువ.

ఎంత ఎడమో తేల్చడం కష్టమేం కాదు. ఒక తూము కింద సాగు చేసేవారి పేర్లు రాసి సంఘం జాబితా పక్కన పెట్టాలి. ఒక్క దాళ్వా పాటు ఏ వంతున ఎవరి చేను తడిసిందో నమోదు చేయాలి. ఆ రెండూ చేతికి రాకుండా సంఘాలు గెలిచాయనీ, ఓడాయనీ అనలేం.