కాలువ కింది వలస

వలస మీద రాసేవాళ్లు మొదట పాలమూరు పేరెత్తుతారు. వాన లేదు, పంట లేదు, అందుకే జనం మేస్త్రి వెంట పోయారని రాస్తారు. పాలమూరు మట్టుకు అందులో కొంత నిజముంది. మా బోధన్ తాలూకాకు మాత్రం ఆ లెక్క కుదరదు. మాకు నిజాంసాగర్ కాలువ ఉంది. రెండు పంటల వరి ఉంది. కనుచూపు మేర చెరుకు తోటలుండేవి. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుమోసిన చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. ఇన్ని ఉన్న చోటు నుంచి మా మాదిగవాడ మగోళ్లు బొంబాయి పోయిండ్రు, మస్కటు పోయిండ్రు, కువైటు పోయిండ్రు. నీళ్లు లేక పోలేదు. నీళ్లొచ్చినంకనే పోయిండ్రు. ఇదెట్ల జరిగిందో మా ఇంటి మూడు తరాల బతుకును ముందు పెట్టుకొని చెప్తున్న.

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923ల మొదలై 1931ల పూర్తయింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలం. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 2 లక్షల 75 వేల ఎకరాల ఆయకట్టు. చరిత్ర పుస్తకాల్లో ఇంతవరకు ఉంటుంది. కాలువ తవ్విన చోట మా తాత తట్ట మోసిండు. ఆయన పేరు ఏ రాయి మీదా లేదు, ఉంటదని ఆయన అనుకోనూ లేదు. అయితే ఆయన తవ్విన కాలువే ఆయన పనిని మింగింది. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలె.

కాలువ రాక ముందు ఊళ్లె నీళ్లంటే చెరువు, బాయి. బాయి మీద మోట. మోటకు తోలు బొక్కెన, తోలు తొండం కావాలె. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు తీసి, లందల నానబెట్టి, తంగేడు చెక్కతోని ఊని, తొండం కుట్టేది మాదిగోడు. పంట కోసినంక కల్లం కాడ మాకు గింజలొచ్చేది ఆ తొండం పుణ్యాన. అంటరానోళ్లమని వాడ బయట పెట్టినా, మా చేతి తొండం లేనిదే పటేలు పొలం తడిసేది కాదు. కాలువ నీళ్లు పారిన ఊళ్లల్ల మోటల అక్కర తగ్గింది. తొండం కుట్టేటోని అక్కర గూడ తగ్గింది. గొడ్డు చస్తే మొయ్యాలె, పీనుగ లేస్తే డప్పు కొట్టాలె, అధికారి వస్తే వెట్టికి పోవాలె. ఇవి మాత్రం తగ్గలె. గింజలు తెచ్చే పని పోయింది, మర్యాద లేని చాకిరి మిగిలింది.

కాలువ నీళ్లు పారింది భూమి ఉన్నోని మడిల. మా తాతకు భూమి లేదు. నీళ్లు రాక ముందు బీడు భూమికి విలువ లేకుండె, అప్పుడు ఇచ్చిన దొర లేడు. నీళ్లొచ్చినంక విలువ పెరిగింది, ఇగ అసలే ఇయ్యలె. కాలువ కింద వరి ఎట్ల పండించాలో తెలిసిన రైతులు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి దిగిండ్రు. అక్కడ ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు 1850లలోనే వచ్చినయి. ఆ నీళ్ల మీద కూడబెట్టిన పైసలతోని ఇక్కడ సస్తాగ భూములు కొన్నరు. వాళ్లు కట్టుకున్న ఊళ్లను మేము 'క్యాంపు' అంటం. బోధన్, వర్ని, కోటగిరి, బాన్సువాడ దిక్కు ఇప్పటికీ ఆ పేర్లున్నయి. వాళ్లు కష్టపడలేదని నేననను. ఎండల్ల, వానల్ల వాళ్లూ గుడిసెలల్లనే ఉన్నరు, మట్టిని పిసికి పంట తీసిండ్రు. కానీ వాళ్లదీ వలసనే గద! దాన్ని ఎవ్వరూ వలస సమస్య అనలేదు. మా బాపు అంటుండె: "వాళ్లు ట్రంకు పెట్టెల పైసలు వట్టుకొని వచ్చిండ్రు బిడ్డా. మనం సద్దిమూట వట్టుకొని పోయినం." పైసలతోని వచ్చినోడు రైతు అయ్యిండు. సద్దిమూటతోని పోయినోడు వలసకూలి అయ్యిండు. ఒక్క కాలువ కిందనే ఈ రెండూ జరిగినయి.

1937ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. బోధన్ పక్కన శక్కర్‌నగర్ లేచింది. ఫ్యాక్టరీకి సొంతంగా వేల ఎకరాల చెరుకు క్షేత్రాలుండె. క్వార్టర్లు, దవాఖాన, బడి వచ్చినయి. మా వాడ నుంచి కొందరికి అండ్ల పని దొరికింది, వాళ్ల పిల్లలు చదువుకున్నరు. ఆ మేలు కాదనను. కానీ చక్కెర తయారయ్యేది ఫ్యాక్టరీలోనే కాదు, మొదట తోటల తయారయితది. గడ నరికి, ఆకు దోసి, మోపు కట్టి, బండికెత్తేటోడు లేకపోతే గానుగ తిరగది. ఆ పని మా బాపు చేసిండు. ఒక పటేలు తోటల, గుంపు మేస్త్రి కింద. చెరుకు ఆకు కోసిన గాట్లు ఆయన చేతుల మీద చచ్చేదాక ఉండె.

కొన్నేండ్లకు ఆ పని గూడ చెయ్యి జారింది. బిలోలి, దెగ్లూరు దిక్కు నుంచి మరాఠీ కూలోళ్లు దిగబట్టిండ్రు. ముకద్దం ముందే అడ్వాన్సు ఇచ్చి వాళ్లను తోలుకొచ్చేటోడు. మొగుడు పెండ్లాం ఇద్దరు కలిస్తె ఒక 'కోయ్‌తా', అంటే ఒక కత్తి లెక్క. మా బాపుకు వాళ్ల మీద కోపం లేకుండె. వాళ్లు గూడ మాంగులు, మహర్లు, మనోళ్లే. 1978ల మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టాలన్న తీర్మానం మీద నాందేడు, పర్భణీ జిల్లాలల్ల దళితుల ఇండ్లు తగలబెట్టిండ్రు. ఆ నేల మీంచి వచ్చినోళ్లు వాళ్లు.

ఊళ్లె కూలోళ్లు ఉండగ బయటోళ్లను ఎందుకు తెస్తరు? ఈ ప్రశ్నకు జవాబు నాకు చాన ఏండ్లకు ఒక డచ్ పండితుని రాతలల్ల దొరికింది. యాన్ బ్రెమన్ 1970లలో దక్షిణ గుజరాత్‌ల బార్డోలి చెరుకు తోటలను చూసిండు. అక్కడ హల్పతి కూలోళ్లు ఊళ్లల్ల పని లేక కూసుంటే, ఖాందేశ్ నుంచి కూలోళ్లను తోలుకొచ్చి చెరుకు కొట్టిస్తున్నరు. బయటోడు రాత్రి లేపినా లేస్తడు. చుట్టమో పక్కమో అండ ఉండరు. కూలి మీద పేచీ పెట్టడు. సీజను ఒడిస్తే వెళ్లగొట్టొచ్చు. ఆ మాటలు చదువుతుంటే నాకు బోధన్ తోటలే కండ్లకు కట్టినయి. అంటే వాళ్ల రాక, మా పోక రెండు వేర్వేరు సంగతులు కావు. ఊరి కూలోని నోరు మూయించేటందుకు బయటి కూలోడు. బొంబాయిల మేమే బయటి కూలోళ్లం.

బొంబాయి తొవ్వ మాకు కొత్తది కాదు. సికింద్రాబాదు నుంచి మన్మాడుకు పొయ్యే చిన్న రైలు నిజామాబాద్ మీదుగ పోతుండె. మన్మాడుల దిగి పెద్ద రైలెక్కితే బొంబాయి. ఆ నగరంల కామాటిపుర అనే పేటకు ఆ పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి పోయి కట్టుబడి పని చేసిన తెలుగు కామాటీల వల్ల. మా బాపు గూడ అక్కడ బిల్డింగులకు ఇటుకలు మోసిండు. తిరిగొచ్చేటప్పుడు పైసలు పెద్దగ తేలె. ఒక బాబాసాహెబ్ పటం తెచ్చిండు. కాళ్లకు చెప్పులేసుకొని ఊళ్లెకు నడిచిండు. "అక్కడ చాయ్ హోటల్ల అందరి గిలాసల్నే తాగిన" అని చెప్పిండు. మా అవ్వ నమ్మలె. వలస మీద లెక్కలు కట్టేటోళ్లు ఇంటికి పంపిన పైసలు లెక్కబెడతరు. ఆ గిలాసను ఎవ్వరూ లెక్కబెట్టరు. ఊరిడిచి పొమ్మని అంబేద్కర్ ఎందుకన్నడో మా వాడకు పుస్తకం చదివి తెల్వలె, ఆ గిలాసతోని తెలిసింది.

1973 తర్వాత చమురు ధర పెరిగింది. గల్ఫ్ తొవ్వ తెరుచుకుంది. మా అన్న 1986ల కువైటు పోయిండు. ఒక ఏజెంటుకు కట్టే పైసలకు పటేలు దగ్గర నూటికి మూడు రూపాయల మిత్తి. పటేలు చేతి కింద ఉండొద్దని పొయ్యేటోడు పటేలు అప్పుతోనే పోవాలె! మా వదిన ఇంటికాడ బీడీలు చుట్టి మిత్తి కట్టింది. మొగోళ్లు లేని నిజామాబాద్ జిల్లా ఇండ్లను నిలబెట్టింది తునికాకు చాట. దగ్గు, నడుం నొప్పి, కంపెనీ సేటు ఏరి పారేసిన బీడీలు, ఇవి గూడ గల్ఫ్ ఖర్చులోనే రాయాలె.

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైటుల దిగినయి. మా అన్న ఎడారి తొవ్వల జోర్డాన్ చేరి, అమ్మాన్‌ల విమానమెక్కిండు. అప్పుడు మన దేశం లక్షా 70 వేల మంది దాక వాపసు తెచ్చుకుంది. అన్న కట్టుబట్టలతోని వచ్చిండు, అప్పు మాత్రం ఇంటికాడనే ఉండె. తర్వాత 1991ల ఐక్యరాజ్యసమితి ఒక నష్టపరిహార కమిషన్ పెట్టింది. యుద్ధం వల్ల కువైటు విడిచిన ఒక్కో మనిషికి 2,500 డాలర్లు, వేరే దావా వెయ్యనంటే 4,000 డాలర్లు అని కట్టింది. ఇరాక్ చమురు పైసల నుంచి ఇచ్చింది. ఆ ఫారం నింపింది నేనే. పేరు, పని, పోయిన తారీకు, వచ్చిన తారీకు. నింపుతుంటే మా తాత యాదికొచ్చిండు. యుద్ధం వల్ల మనిషి బతుకుదెరువు పోతే అది నష్టమని ప్రపంచం ఒప్పుకుంది. దానికో రేటు కట్టింది. కాలువ వల్ల మా తాత బతుకుదెరువు పోతే దాని పేరు అభివృద్ధి. దానికి ఫారం లేదు.

అభివృద్ధి శాస్త్రం చదివే మన పిల్లలు ఈ తేడా పట్టుకోవాలె. ఆర్థర్ లూయిస్ కరీబియన్ దీవుల్లో పుట్టిన నల్లజాతి పండితుడు. 1954ల ఆయన, పల్లెల్లో అవసరానికి మించి ఉన్న కూలోళ్లు పట్నం పరిశ్రమకు పోతే దేశం బాగుపడుతుందన్నాడు. 1970ల హారిస్, తొడారో అనే ఇద్దరు, పట్నంలో దొరకబోయే కూలి ఎంత, దొరికే ఆశ ఎంత అని బేరీజు వేసుకొని మనిషి కదులుతాడన్నారు. తెలివైన లెక్కలే. కానీ 'అవసరానికి మించిన కూలోడు' ఎవరు? ఆయన్ని అట్ల చేసింది ఎవరు? మా వాడల ఆ కూలోడు పుట్టంగనే మిగులు కాదు. తొండం పోయినంక, భూమి ఇయ్యనంక, చెరుకు కత్తి గుంజుకున్నంక మిగులు అయ్యిండు.

సర్కారు లెక్కలూ అంతే. 2007-08ల జాతీయ నమూనా సర్వే, పని కోసం నెల కన్న ఎక్కువ, ఆరు నెలల లోపు ఊరిడిచినోళ్లను తాత్కాలిక వలసదారులని లెక్కబెట్టింది. అంతకు ముందు 1999-2000ల 60 దినాలు దాటితేనే లెక్క. గీత జరిపితే మనుషులు పుడతరు, గీత జరిపితే మాయమైతరు. ఇగ ఆడోళ్లు? 'సంపాదించే మనిషి వెంట కదిలింది' అని ఒక కారణం రాసుకుంటరు. కోయ్‌తాల సగం తానే అయిన ఆడమనిషి, కాగితం మీద మొగని వెంట పోయిన పెండ్లాం అయితది.

చదువుకునే రోజులల్ల నేనూ ఒక సర్వేకు ప్రశ్నలడిగే పని చేసిన. 'వలసకు కారణం' దగ్గర కరువు, అప్పు, నిరుద్యోగం అని గళ్లు. మా బాపు ఈడు మనిషిని అడిగితే, "ఉండనిస్తె గద బిడ్డా, ఉండేది" అన్నడు. ఆ మాటకు ఫారంల గడి లేదు. పక్కకు రాసిన, లెక్కలకు రాలె.

చట్టాలు రాలేదని కాదు. 1976ల వెట్టిచాకిరి రద్దు చట్టం, 1979ల అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, 1983ల గల్ఫ్ పొయ్యేటోళ్లకు ఎమిగ్రేషన్ చట్టం వచ్చినయి. 1979 చట్టం కాంట్రాక్టరు ద్వారా పోయినోళ్లకే వర్తించింది. సొంతంగ రైలెక్కిన మా బాపు దాని బయటనే. ఈ చట్టాలన్నీ మనిషి కదిలినంక మొదలయితయి. కదలకుండ ఉండేటందుకు కావలసింది భూమి. దాని దగ్గరికొచ్చే సరికి 1973 భూసంస్కరణల చట్టం మా ఊళ్లె బినామీ పేర్లల్ల ఇంకిపోయింది.

ఇప్పుడు ఆ చక్కెర గూడ లేదు. ఎగువన సింగూరు కట్టి మంజీర నీళ్లు హైదరాబాదుకు తీసుకపోయినంక నిజాంసాగర్‌కు వచ్చేది తగ్గింది. 2002ల ఫ్యాక్టరీల 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరుల గానుగ ఆగింది. తర్వాత కంపెనీని అమ్మి అప్పులు తీర్చమని ట్రిబ్యునల్ ఉత్తర్వు వచ్చింది. కార్మికుల బకాయిల మీద, చెరుకు రైతుల మీద ధర్నాలు జరిగినయి, జరగాలె గూడ. కానీ ఆ జాబితాలల్ల చెరుకు నరికినోడు లేడు. ఆయన మస్టరు మీద ఎన్నడూ లేకుండె. మస్టరు మీద లేనోడు బాధితుడు గూడ కాలేడు. గల్ఫ్‌ల చచ్చినోళ్ల కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తమని తెలంగాణ సర్కారు 2024ల జీవో తెచ్చింది. మంచిదే. ఎన్నో ఏండ్లు కొట్లాడితే వచ్చింది. కానీ మా మనిషి లెక్కలకు రావాలంటే శవపేటికల రావాలెనా?

అందుకే రేపు పరిశోధనకు పొయ్యే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నా మాట ఇది. పేదోని ఇంటికి పోయి "ఎందుకు పోయినవ్" అని మాత్రమే అడగకుండ్రి. తాసీల్ ఆఫీసుల పాత పహాణీలు తియ్యుండ్రి. కాలువ వచ్చిన యేడు ఏ సర్వే నంబరు ఎవని పేర ఉండె, పదేండ్లకు ఎవని పేర మారిందో రాయుండ్రి. అదే ఊళ్లె ఆ పదేండ్లల్ల రైలెక్కినోళ్ల పేర్లు ముసలోళ్లను అడిగి పక్కన రాయుండ్రి. కులం రాయుండ్రి. ఆడోళ్ల పేర్లు వేరే వరుసల రాయుండ్రి. మా ఊరి జాబితా నేను మొదలువెట్టిన. ఇప్పటికి మా వాడల నలభై మూడు పేర్లు దొరికినయి. ఇంకా ముగ్గురు ముసలోళ్లు బతికున్నరు, వాళ్లుండంగనే మిగిలినయి రాయాలె.