తడిసిన పియానో

అటకమీది హార్మోనియం శ్రుతి తప్పిందంటే అమ్మేద్దామనే చూస్తాం కదూ! జపాను సంగీతజ్ఞుడు ర్యూయిచి సకమోతో కథ వినండి.

1978లో ఇద్దరు మిత్రులతో 'యెల్లో మ్యాజిక్ ఆర్కెస్ట్రా' పెట్టి, సింథసైజర్లతో కుర్రకారు చేత చిందులు వేయించినవాడాయన. 1983లో బృందం విడిపోయింది. క్రమంగా మనసు చిన్నప్పుడు నేర్చిన పియానో మీదికి మళ్ళింది. 1999లో ఒక్క పియానోతో కట్టిన 'ఎనర్జీ ఫ్లో' జపానులో అమ్మకాల్లో మొదటి స్థానానికెక్కింది.

2011 సునామీలో మునిగిన పియానో ఒకటి ఆయన కంటబడింది. ఇక పనికిరాదనుకున్నాడు. పోనుపోను, మనిషి బలవంతాన బిగించిన తీగల్ని ప్రకృతి మళ్ళీ తన దారికి తెచ్చుకుందనిపించింది. ఆ అపశ్రుతుల్నే 2017 నాటి 'ఎసింక్' ఆల్బంలో వాడుకున్నాడు.

2023లో ఆయన కన్నుమూశాడు. చివరిగా చిత్రీకరించిన కచేరీలో తోడున్నది పియానో ఒక్కటే.

మా హార్మోనియం అమ్మకం మాత్రం వాయిదా పడింది.